కదలని చుక్క

సముద్రం అడుగున కేబుల్ తెగిన మర్నాటికి ఊరంతా సముద్రాన్ని చదివినవాళ్ళతో నిండిపోయింది. బస్సులో ముందు సీటాయన సొరచేప కొరికిందన్నాడు. పక్కాయన, సొరచేపకి ఇనుప తీగ కొరకాల్సిన ఖర్మేమిటి, ఇది పరాయి దేశపు జలాంతర్గామి పని అన్నాడు. కండక్టరు టికెట్లు చింపుతూ ఇద్దరినీ తీసిపారేశాడు.

"కంపెనీవాళ్ళే తెంపుకున్నారు సార్. రేట్లు పెంచడానికి. నాకు తెలిసినాయన చెప్పాడు."

కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ టికెట్టు మడిచి సంచిలో వేసుకుంది. ఆ కేబుల్ సముద్రంలోంచి ఒడ్డుకొచ్చే స్టేషన్లో ఆవిడ ఇంజనీరు. కేబుల్లోని గాజు పోగులోకి వెలుతురు పంపి, అది తిరిగొచ్చిన తీరును బట్టి దెబ్బ ఎంత దూరంలో తగిలిందో చెప్పడం ఆవిడ పని. స్టేషన్లో వెనకాల కొలతలావిడ అంటారు, ఎదురుగా మేడమ్ అంటారు. ఆవిడకి రెండూ ఒకటే. అనేవాళ్ళ మీద ఆవిడకి పెద్దగా అభిప్రాయం లేదు.

ఈ "నాకు తెలిసినాయన"ని ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. కేబుల్ తెగిన ప్రతిసారీ ఆయన మాత్రం ఊళ్ళోనే ఉంటాడు.

మామూలుగా అయితే ఆ మాటలకి ఆవిడ లోపల నవ్వుకునేది. ఆ రోజు నవ్వు రాలేదు. ముందురోజు సాయంత్రం హార్బరువాళ్ళు ఆవిడ తమ్ముడి పడవని పట్టుకున్నారు.

పట్టించింది ఆవిడ కొలతే. దెబ్బ ఫలానా చోట అని ఆవిడ చెప్పింది. కంపెనీ ఆ చోటు హార్బరుకి చెప్పింది. ఆ పూట ఆ చోటు మీదుగా ఏ పడవలు వెళ్ళాయని హార్బరువాళ్ళు చూస్తే ఒక్కటే తేలింది. దాన్ని నడిపే సరంగు ఆవిడకి తోడబుట్టినవాడు. కేబుల్‌ని వలతో తెంపినట్టు తేలితే ఆ పడవకి లైసెన్సు రద్దు చేస్తారు, ఒడ్డుకి లాగి ముక్కలు చేస్తారు. పడవ నడపడం తప్ప తమ్ముడికి ఇంకో పని రాదు. ఆ ఒక్క పనైనా సరిగ్గా వచ్చా అన్నది ఆవిడ అనుమానం.

*

స్టేషన్లో మీటింగు మొదలైంది. బల్లకి ఆ చివర డైరెక్టరు కూర్చున్నాడు. ఆయన వచ్చి ఏడాది కాలేదు. అంతకుముందు పార్సిళ్ళ కంపెనీలో వ్యాన్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో తెరమీద చూసే ఉద్యోగం చేశాడు. ఇక్కడికి రాగానే గోడకి తెర పెట్టించాడు. చూడ్డానికి వ్యాన్లు లేవు కాబట్టి కాపలా పడవని చూడ్డం మొదలుపెట్టాడు.

కాపలా పడవ సంగతి ఇది. ఒడ్డుకి దగ్గర్లో ఒక చోట సముద్రం అడుగంతా రాయి. అక్కడ కేబుల్‌ని పూడ్చడం కుదరదు, రాతి మీదే పడి ఉంటుంది. దానికి లంగర్లూ వలలూ తగలకుండా కంపెనీ ఒక చేపల పడవని అద్దెకి పెట్టుకుంటుంది. అటూ ఇటూ తిరుగుతూ, వచ్చేపోయే పడవల్ని కేకలేసి తరమడం దాని పని. డైరెక్టరు ఆ చోటు చుట్టూ తెరమీద ఒక గుండ్రం గీయించాడు. పడవ అందులో పచ్చ చుక్క. గుండ్రం దాటితే చుక్క ఎర్రబడుతుంది, గంట మోగుతుంది, ఆ రోజు అద్దె కోతపడుతుంది. మొదట్లో ఆ గంట బడి గంటలా రోజంతా మోగేది. ఈమధ్య మోగడం మానేసింది.

కొలతలావిడ ఆ తెర వంక చూసేది కాదు. చుక్కల్ని చూస్తూ కూర్చునే ఖర్మ తనకింకా పట్టలేదని ఆవిడ ఉద్దేశం.

"మన చుక్క కదల్లేదు," అన్నాడు డైరెక్టరు తెర చూపిస్తూ. "నెల రోజులుగా చూస్తున్నా. రాయిలా ఉంది. అంటే మన కాపలాలో లోపం లేదు."

"కేబుల్ మాత్రం తెగింది," అంది కొలతలావిడ.

"అదే. లోపం లేకుండా తెగిందంటే ఎవరో కావాలని తెంపారు."

పక్కనున్న ప్రకటనలాయన అప్పుడే రాసేసుకున్నాడు. కంపెనీ తరఫున పేపర్లకీ టీవీలకీ మాటలు అందించడం ఆయన కొలువు. తప్పు జరిగిన ప్రతిసారీ ఆయనకి నిద్రలేచినంత హుషారొస్తుంది. "విద్రోహ చర్య అందాం సార్. విద్రోహం అన్నాక, మీరేం చేస్తున్నారని మనల్ని ఎవరూ అడగరు."

"అడిగితే?"

"అడిగినవాడు కూడా విద్రోహి అవుతాడు కదా సార్."

డైరెక్టరుకి అది నచ్చింది. ఆ మధ్యాహ్నమే టీవీలో ఒక రిటైర్డు నౌకాధికారి కర్ర పట్టుకుని, పటం మీద శత్రువు ఎటునుంచి వచ్చాడో చూపించాడు. వచ్చిన దారి బాణంగుర్తులతో సహా ఆయనకి తెలుసు. శత్రువెవరో మాత్రం దేశభద్రత దృష్ట్యా చెప్పనన్నాడు.

ఆ శత్రువు ఎక్కువ కాలం బతకలేదు. రుజువులేమిటని పై ఆఫీసు నుంచి ఎవరో అడిగారు. ప్రకటనలాయన కాయితం తిరగేసి రెండో మాట రాశాడు: చేపల పడవ. దానికి రుజువు హార్బరులో కట్టేసి ఉంది.

"మేడమ్‌కి బాధగా ఉంటుంది," అన్నాడు డైరెక్టరు. ఆ పడవ ఎవరిదో ఆయనకి తెలుసు.

"బాధెందుకు? వాడు వల వేసే ఉంటాడు," అంది కొలతలావిడ. "చిన్నప్పుడు పక్కింటివాళ్ళ కోడిని పట్టుకుని, అదే మనింటికి వచ్చిందన్న రకం వాడు. చేప కనబడితే దేవుడు చెప్పినా ఆగడు. రిపేరు ఓడ ఆ ముక్క తీసుకురానివ్వండి. వల గీసిన గీతలు దాని ఒంటి మీద ఉంటాయి."

సొరచేప, జలాంతర్గామి, విద్రోహం అన్నవాళ్ళందరినీ ఆవిడ మనసులోనే చెత్తబుట్టలో పడేసింది. తన మాట మాత్రం రుజువైనట్టే చెప్పింది. ఆ రెంటికీ ఉన్న తేడా ఏమిటో ఆ పూట ఆవిడకి తట్టలేదు.

*

సాయంత్రం తమ్ముడూ మరదలూ ఇంటికొచ్చారు. తమ్ముడు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో మొదలుపెట్టాడు.

"అక్కా, నా వల నీళ్ళలో లేదు. ఒట్టు."

"ఎవరి మీద?"

"బావ మీద."

"నువ్వు ఒట్టేసినప్పుడల్లా నా మొగుడికి జలుబు చేస్తోంది. ఇంకెవర్నన్నా చూసుకో."

సోఫాలో టీవీ చూస్తున్న బావ ఈ మాటకి అభ్యంతరం చెప్పలేదు. ఆయన దృష్టంతా తెరమీద కర్రతో తిరుగుతున్న నౌకాధికారి మీద ఉంది. "సొరచేప కూడా అయ్యుండొచ్చు కదా?" అన్నాడు.

"ఆ, అయ్యుండొచ్చు. మీ టీవీ రిమోటు కూడా అదే ఎత్తుకుపోయుండొచ్చు. పొద్దుట్నించీ కనబడట్లేదుగా."

మరదలు కుర్చీ అంచున కూర్చుంది. "వదినా, నిజంగానే వల వెయ్యలేదు. ఆ రోజు వల చిరిగితే ఎత్తి పడవలో పడేసుకుని వచ్చారు. నేనే కూర్చుని కుట్టాను. వేళ్ళు చూడు."

"వీడు చెప్పమంటే నువ్వు వేళ్ళేమిటి, కాళ్ళు కూడా చూపిస్తావు."

"అక్కా, నువ్వసలు నా పక్కనా, కేబుల్ పక్కనా?"

"కేబుల్ అబద్ధం చెప్పదురా."

తమ్ముడు వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసుడు నీళ్ళు తాగి, గ్లాసుని సింకులో పెట్టాడు. అలా ఎప్పుడూ చెయ్యడు. వెళ్తూ వెళ్తూ, "పడవని ముక్కలు చేసేటప్పుడు ఇంజను విడిగా ఇస్తారేమో కనుక్కో. కొత్తది," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ చాలాసేపు ఆ గ్లాసుని కడగలేదు.

*

రిపేరు ఓడ కొక్కేలతో కేబుల్ పైకి తీసి, దెబ్బతిన్న ముక్క కోసి, కొత్త ముక్క అతికింది. కోసిన ముక్క స్టేషను వెనక షెడ్డుకి వచ్చింది. మణికట్టంత మందం, చుట్టూ ఉక్కు తీగల తొడుగు, లోపల రాగి గొట్టం, దాని లోపల వెంట్రుకల్లాంటి గాజు పోగులు. లోకమంతా మాట్లాడుకునేది ఆ వెంట్రుకల్లోంచే. మాట్లాడుకునేదాంట్లో సగం సొరచేపల గురించి.

కొలతలావిడ బల్లమీద దీపం పెట్టుకుని, భూతద్దంతో ముక్కని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసింది. వల ఈడ్చుకుపోతే తొడుగు మీద నిడుపాటి గీతలు పడతాయి. ఒక్క గీత లేదు. ఒకే ఒక చోట కేబుల్ కొక్కెంలా వంగిపోయి ఉంది. ఉక్కు తీగలు అక్కడ ఊడి పైకి లేచాయి. ఒక్క దెబ్బకి అయిన వంపు కాదది. దేన్నో తగిలించి, రోజుల తరబడి అల అలకీ లాగితే తీగలు అలిసిపోయి అలా విడిపోతాయి. చివరికి లోపల గాజు విరిగింది, రాగిలోకి ఉప్పునీళ్ళు దిగాయి.

లంగరు పని. తమ్ముడు ఆ చోట ఆగనేలేదు. వెళ్తూ వెళ్తూ దాటినవాడు లంగరేసి రోజుల తరబడి కూర్చోడు.

ఆవిడ తీగల మధ్య పట్టకారు పెట్టి ఒక పెచ్చు బయటికి తీసింది. రంగు పెచ్చు. నారింజ రంగు.

ప్రకటనలాయన షెడ్డు గుమ్మంలో నిలబడి ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు.

"మన కాపలా పడవకి ఒక లంగరు ఉండాలి కదా," అంది ఆవిడ. "దానికి ఏ రంగు?"

"కంపెనీ రంగే మేడమ్. నారింజ. వార్షికోత్సవం ఫొటోల కోసం పడవంతా వేయించాను. లంగరు మరీ తుప్పుపట్టి ఉందని దానికీ వేయించా. ఫొటోల్లో భలే వచ్చింది. పంపమంటారా?"

"వద్దు. నా దగ్గర ఒకటుంది."

*

కాపలా సరంగు రేవు మెట్ల మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. ప్రకటనలాయన చేపల పడవ అని రాసిన రోజే వాణ్ణి పనిలోంచి తీసేశారు, ఆ పడవ రావడం చూడకుండా నిద్రపోయాడని. కొలతలావిడ వెళ్ళి పక్కమెట్టు మీద కూర్చుంది.

"లంగరు వేశావా?"

"వేశా."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆవిడ అనుకోలేదు. దబాయించడానికి తెచ్చుకున్న మాటలన్నీ దండగయ్యాయి.

"కాపలా పడవ లంగరు వెయ్యకూడదని తెలీదా?"

"తెలుసమ్మా. తిరగాలి. తిరిగితే గుండ్రం దాటుతుంది. దాటితే గంట కొడుతున్నారు, కోత పెడుతున్నారు. సరే, ఇంజను మీద అక్కడక్కడే ఆపుతానన్నా. డీజిల్ తగ్గించేశారు. కూర్చునే పడవకి డీజిలెందుకని అడిగాడంట మీ డైరెక్టరు. ఇంక నన్నేం చెయ్యమంటారు? అలలకి చెప్పమంటారా, డైరెక్టరుగారి ఆర్డరు, కదలొద్దని?"

"సరే, వేశావు. కేబుల్ మీదే వెయ్యాలా?"

సరంగు తాడు పేనడం ఆపి ఆవిడ వంక చూశాడు. "కేబుల్ ఎక్కడుందో మాకు తెలిస్తే కదా! చెప్పమని అడిగితే రహస్యమన్నారు. శత్రువులకి తెలిసిపోతుందంట. గుండ్రం మధ్యలో ఉండు చాలన్నారు. సరిగ్గా మధ్యలోనే ఉన్నా."

గుండ్రం మధ్యలోంచి పోయేది కేబులే. గీసినవాళ్ళు కేబుల్‌ని మధ్యలో పెట్టే గీశారు.

కొలతలావిడకి బస్సు కండక్టరు గుర్తొచ్చాడు. కంపెనీవాళ్ళే తెంపుకున్నారన్నాడు. ఆ తెలిసినాయన ఎవరో గానీ ఊరందరిలోకీ ఆయనొక్కడే దగ్గరగా వచ్చాడు. కాకపోతే మరీ తెలివిగలవాళ్ళు అనుకున్నాడు కంపెనీవాళ్ళని. రేట్లు పెంచడానికి తెంపేంత బుర్రే ఉంటే, ఆ బుర్రతో తెగకుండానే చూసుకునేవాళ్ళు.

*

డైరెక్టరు గదిలో ఆవిడ రంగు పెచ్చుని అద్దం ముక్క మీద పెట్టి ఆయన ముందుకి జరిపింది. సంగతంతా చెప్పింది. ఆయన పెచ్చుని వేలితో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది తుప్పు కాదూ?"

"తుప్పు ఇంత చక్కగా కంపెనీ రంగులో పట్టదు సార్."

"మేడమ్, ఒక మాట." ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "లంగరు అని రాస్తే ఎవరి లంగరు అంటారు. విచారణ వేస్తారు. ఆ ప్రాంతంలో ఉన్న ప్రతి పడవా విచారణలో ఉంటుంది. మీ తమ్ముడి పడవ కూడా. ఏడాదో రెండేళ్ళో. ఈలోగా పడవ హార్బరులో కుళ్ళుతుంది. అదే, అడుగున మట్టి జారి తెగిందనుకోండి. ఎవరి తప్పూ లేదు. రేపే పడవ వదిలేస్తారు."

"అక్కడ మట్టే లేదు సార్. అంతా రాయి."

"రాయి జారదా?"

"జారదు."

"జారిందనుకుందాం."

ఆయన కంఠంలో బెదిరింపు లేదు. పార్సిలు ఏ వ్యాన్లో వెయ్యాలో చెప్పినట్టు చెప్పాడు. కొలతలావిడ ఆయన మొహం చూసింది. ఈ మనిషికి సముద్రం అంటే గోడ మీద నీలం రంగు. ఆ నీలంలో ఏది జారినా ఆయనకొకటే. ఇలాంటివాడి ముందు నిజం చెప్పడమంటే గోడకి కథ చెప్పడమే అనుకుంది. అలా అనుకోవడం వల్ల, మట్టి జారిందన్న కాయితం మీద సంతకం పెట్టడం సులువైంది. తమ్ముడు సింకులో పెట్టిన గ్లాసు గుర్తొచ్చి ఇంకా సులువైంది.

మర్నాడు టీవీలో నౌకాధికారి మట్టి ఎటునుంచి ఎటు జారిందో అదే కర్రతో, అవే బాణంగుర్తుల మీద చూపించాడు.

తెగిన ముక్కని పారెయ్యమని డైరెక్టరు చెప్పాడు. ఆవిడ దాన్ని గోనెపట్టాలో చుట్టి తన బల్ల కింద పెట్టుకుంది. కాళ్ళు పెట్టుకోవడానికి బాగానే ఉంది.

పడవ వదిలేశారు. అంతటితో ఆగితే బాగుండేది. డైరెక్టరుకి దయ పుట్టింది. పాత కాపలా సరంగు స్థానంలో సొంత పడవున్న కొత్తవాడు కావాలి. మేడమ్ తమ్ముడైతే మనవాడు, మాట బయటికి పోదు. అద్దె నెలనెలా వస్తుంది. ఒకటే షరతు. చుక్క గుండ్రం దాటిందని ఫిర్యాదు వస్తే పడవ మళ్ళీ హార్బరువాళ్ళ చేతికి పోతుంది, పాత కేసు మళ్ళీ తెరుస్తారు.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. "చేపలకోసం తిరక్కుండా కూర్చోబెట్టి అద్దె ఇస్తారంటక్కా! నీ ఉద్యోగంలాంటిదే."

"ఒరేయ్, విను. లంగరు వేశావంటే కాళ్ళు విరగ్గొడతాను. ఇంజను మీదే ఉండు. తిరుగుతూ ఉండు."

"వెయ్యనక్కా. ఒట్టు."

"ఎవరి మీద?"

వాడు బావ వంక చూశాడు. బావ రుమాలు వెతుక్కుంటున్నాడు.

*

అప్పటినుంచి కొలతలావిడకి చుక్కని చూసే ఖర్మ పట్టింది. కుర్చీ తిప్పుకుని తెరకెదురుగా పెట్టుకుంది. పచ్చ చుక్క గుండ్రంలో బెల్లం చుట్టూ ఈగలా తిరిగేది. అంచుదాకా వెళ్ళేది, ఆవిడ కుర్చీలోంచి లేచేది, మళ్ళీ లోపలికి వచ్చేది. తమ్ముడు చేతనైనవాడే. ఆ మాట వాడితో అనలేదు, అంటే నెత్తినెక్కుతాడు.

కొన్నాళ్ళకి డైరెక్టరు మళ్ళీ డీజిల్ తగ్గించాడు. కూర్చునే పడవకి డీజిలెందుకన్నది ఆయన సొంతంగా కనిపెట్టిన సూత్రం. ఒకసారి కేబుల్ తెగినంత మాత్రాన సూత్రం వదులుకునే రకం కాదు.

ఒకరోజు పొద్దున ఆవిడ టీ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చుంది. టీ అయిపోయింది. చుక్క కదల్లేదు. మెయిళ్ళు చూసుకుంది. కదల్లేదు. తెర పాడైందేమోనని దగ్గరికెళ్ళి చూసింది. పాడవలేదు. చుక్క గుండ్రానికి సరిగ్గా మధ్యలో ఉంది.

అటుగా వెళ్తున్న డైరెక్టరు తెర చూసి మెచ్చుకున్నాడు. "మీ తమ్ముడు దారిలో పడ్డాడు మేడమ్."

ఆవిడ ఫోను తీసింది. తమ్ముడు ఎత్తాడు. వెనక అలల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇంజను చప్పుడు లేదు.

"ఏరా, లంగరేశావా?"

"నిన్న సాయంత్రం ఒక్క కునుకు తీద్దామని..."

"వేశావా లేదా?"

"డీజిల్ లేదక్కా! ఏం పొయ్యను, నా రక్తం పొయ్యనా? ఇప్పుడే తీసేస్తాలే. అరవకు."

తాడు లాగుతున్న చప్పుడు వినబడింది. మూలుగు. మళ్ళీ లాగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"ఏమైంది?"

"పట్టేసిందక్కా. రాయి సందులో పడ్డట్టుంది. కొంచెం డీజిల్ ఉంది. ఇంజను వేసి ఒక్క లాగు లాగితే..."

"లాగకు!"

గదిలో అందరూ తలలెత్తారు. డైరెక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లాగకురా. ఇంజను ముట్టుకోకు. తాడు కోసెయ్."

"కోసెయ్యాలా? లంగరు కొత్తదక్కా! నారింజ రంగేసి మరీ ఇచ్చారు."

"కోసెయ్ అంటుంటే!"

"కోస్తే చుక్క పోతుంది. ఇక్కడ అలలు మామూలుగా లేవు. గుండ్రం దాటితే పడవ పోతుందన్నారుగా. నువ్వే చెప్పావు."

ఆవిడ తెర వంక చూసింది. గుండ్రం మధ్యలో చుక్క ముద్ర కొట్టినట్టు ఉంది. ఆ పడవ కోసమే ఆవిడ రాతిని మట్టి అని సంతకం పెట్టింది. ఆ మట్టి మీదే ఇప్పుడు తమ్ముడు లంగరేసుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆవిడ బస్సులోవాళ్ళనీ టీవీలోవాళ్ళనీ ఎన్ని తిట్లు తిట్టుకుందో, అవన్నీ తిరిగి తన చిరునామాకే వచ్చాయి. సొరచేప అన్నవాడు కనీసం దాన్ని నమ్మే అన్నాడు.

"పడవ సంగతి నేను చూసుకుంటా. కొయ్యి."

కత్తి తాడు మీద రాపాడిన చప్పుడు ఫోనులో వినబడింది.

"కోశా. ఇప్పుడు పడవ పోయిందనుకో, నేనూ నీ మరదలూ వచ్చి నీ ఇంట్లోనే ఉంటాం. బావ సోఫా నాది."

తెరమీద చుక్క కదిలింది. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. అల ఎటు తోస్తే అటు జరుగుతూ అంచు చేరి, దాటింది. ఎర్రబడింది. గంట మోగింది. నెలల తర్వాత మోగిందేమో, గొంతు బాగా తెరుచుకుంది.

డైరెక్టరు లోపలికొచ్చాడు. "ఏమిటది? ఎందుకు దాటాడు?"

"నేనే దాటమన్నాను."

"ఎందుకు?"

"మట్టి జారింది సార్."

డైరెక్టరు వెనకే వచ్చిన ప్రకటనలాయన ఫోను జేబులో పెట్టేశాడు. డైరెక్టరు మొహంలో రంగు మారింది. అది కంపెనీ రంగు మాత్రం కాదు.

"మేడమ్, షరతు మీకు తెలుసు. ఆ పడవ హార్బరుకి రాగానే..."

"పట్టించండి." ఆవిడ వంగి బల్ల కింద నుంచి గోనెపట్టా మూటని కాలితో బయటికి తోసింది. పట్టా విడిపోయింది. కొక్కెంలా వంగిన కేబుల్ ముక్క, ఊడిన ఉక్కు తీగలు, వాటి మధ్య నారింజ రంగు. "దీన్ని కూడా తీసుకెళ్ళండి. రాయి జారలేదని, నేను అబద్ధం రాశానని మీతోపాటు నేనూ వచ్చి చెప్తాను. నా ఉద్యోగం కూడా పోతుంది. మంచిదే. మీ చుక్కని చూడక్కర్లేదు."

గంట మోగుతూనే ఉంది. డైరెక్టరు ముక్కని చూశాడు, తెరని చూశాడు, మళ్ళీ ముక్కని చూశాడు. ఏ వ్యాన్లో వెయ్యాలో తెలియని పార్సిలు అది.

"ముందు ఆ గంట ఆపండి," అన్నాడు ఎవరితోనో. ఎవరూ కదల్లేదు. ఆయనే వెళ్ళి గోడకున్న స్విచ్చు నొక్కి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆయన ఇప్పుడు ఎవరికి ఫోను చేస్తాడో, ఏమంటాడో ఆవిడకి తెలీదు. ఆయన చెయ్యకపోతే తనే చెయ్యాలి. ముక్కని ఎత్తి బల్లమీద అందరికీ కనబడేలా పెట్టింది. బరువుగా ఉంది.

చెవి దగ్గర ఫోను ఇంకా అలాగే ఉంది.

"అక్కా, వింటున్నావా? లంగరు లేదు. ఇప్పుడేం చెయ్యాలి?"

"తిరుగు."

"డీజిల్ అయిపోయేదాకానా?"

"పంపిస్తారు. పంపేదాకా తిరుగు. నిన్ను పెట్టుకుంది తిరగడానికేరా వెధవా."

తెరమీద ఎర్ర చుక్క ఒక్కసారి వణికినట్టయి, మెల్లగా మొహం తిప్పుకుని గుండ్రం వైపు రావడం మొదలుపెట్టింది.